డంగు సున్నం దారిలో

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బాగుచేత పని సిమెంటును చెక్కి పారేయడంతో మొదలైంది. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి ఆ పని చేపట్టేనాటికి అక్కడి గుమ్మటాల మీదా, పైకప్పుల మీదా, గోడల మీదా గత శతాబ్దంలో ఎప్పుడెప్పుడో పూసిన సిమెంటు గట్టిగా కరుచుకుని ఉంది. దాన్ని పూసినవాళ్లు చెడగొట్టాలని పూయలేదు. కారుతున్న చోట కారకుండా, ఊడిన చోట ఊడకుండా చేద్దామనే పూశారు. కానీ దాని కింద అసలు సున్నం చెమ్మ పట్టి పొడిపొడిగా రాలిపోతూ వచ్చింది. అలంకారపు గచ్చు, అంటే సున్నంతో మలిచిన తామరరేకులూ తీగలూ పతకాలూ, కొన్నిచోట్ల ఆ పూతల కింద ఆనవాలు లేకుండా పోయింది.

ఈ సంగతి మా వీధి మేస్త్రీతో చెబితే ఆయన నమ్మలేదు. పాలమూరు వైపు నుంచి కుర్రతనంలోనే నగరానికి వచ్చి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ పరిసరాల్లో సగం ఇళ్లకు గిలాబు చేసిన మనిషి. ఎవరింట్లోనైనా గోడ పాడైతే ఆయన వచ్చి ముందు వేలి కణుపుతో తట్టి చూస్తాడు. “గుల్ల పలుకుతుంది సార్” అన్నాడంటే అక్కడ పూత గోడను వదిలేసిందన్నమాట. సిమెంటు గోడను కాపాడుతుందని ముప్పై ఏళ్లుగా నమ్మి బతికిన ఆయనకు, అదే సిమెంటు గోడను తింటుందంటే ఎలా మింగుడుపడుతుంది? “పోయి చూద్దాం పద సార్” అన్నాడు. ఆయన చూసే చూపు నాకు లేదు కాబట్టి, ఆయనతో కలిసి వెళ్లడం కన్నా మంచి దారి నాకు తోచలేదు.

మా కూకట్‌పల్లికి గచ్చుతో చుట్టరికం లేదు. 1980లలో హౌసింగ్ బోర్డు ఇక్కడ కాలనీ కట్టింది. అప్పట్లో ఆసియాలోనే పెద్ద కాలనీ అని గొప్పగా చెప్పుకునేవాళ్లు. చిన్న చిన్న ఎల్ఐజీ, ఎంఐజీ ఇళ్లు, వాటి ముందు సిమెంటు జాలీల వరండాలు. ఆ ఇళ్లలో చాలావాటిని పడగొట్టి ఇప్పుడు నాలుగైదు అంతస్తులు లేపారు. పాత ఊళ్లో రామాలయం చుట్టుపక్కల సందుల్లో తప్ప సున్నం గోడ కంటపడడం అరుదు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే తాపీ మేస్త్రీల్లో కుర్రవాళ్లను అడిగితే సున్నం అంటే వెల్ల వేసే సున్నమే గుర్తొస్తుంది.

జేఎన్‌టీయూ దాటి, హైటెక్ సిటీ ఫ్లైఓవరెక్కి, 1998లో మొదలైన సైబర్ టవర్స్ పక్కనుంచి వెళ్తుంటే ఇరువైపులా అద్దాల గోడలే. మేస్త్రీ వాటి వంక చూడలేదు. గచ్చిబౌలి, రాయదుర్గం, షేక్‌పేట దాటి సెవెన్ టూంబ్స్ రోడ్డు మీదికి తిరగ్గానే చెట్ల మీంచి మొదటి గుమ్మటం కనిపించింది. అక్కణ్నుంచి ఆయన మాట్లాడడం మానేశాడు.

106 ఎకరాల తోట అది. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు తమ వంశంలో చనిపోయిన వాళ్లందరినీ దాదాపు ఇక్కడే పెట్టుకున్నారు. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా ఒక్కడికి ఆ భాగ్యం దక్కలేదు. ఔరంగజేబు చెరలో పోయాడు, ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో మట్టయ్యాడు. సుల్తానుల సమాధులే కాదు, వాళ్ల బంధువులవీ, సేనానులవీ, హకీములవీ, వాటితోపాటు మసీదులూ మెట్లబావులూ ఒక హమామూ కలిసి నూరుకు పైగా కట్టడాలు ఉన్నాయి. 2013 వానల్లో కొంత భాగం కూలిపోయిన పెద్ద బావిని మళ్లీ రాయి రాయి పేర్చి నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు దక్కింది. మొత్తం పని ముగిసిందని 2024 జూలై 28న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, ప్రిన్స్ రహీమ్ ఆగాఖాన్ కలిసి వేడుక చేశారు. పదేళ్లకు పైగా పట్టిన పని.

సుల్తాను మహమ్మద్ కులీ సమాధి దగ్గర మేస్త్రీ మొదట చేసిన పని, రెండు చేతులూ వెనక్కి కట్టుకోవడం. తట్టి చూడకూడదని కాపలాదారు చెప్పకముందే ఆయనకు తెలుసు. ముట్టుకోకుండా గోడను చదవడం ఆయనకు కష్టంగానే ఉండి ఉంటుంది. మెడ పైకెత్తి దాదాపు 42 మీటర్ల ఎత్తున్న ఆ కట్టడాన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఇంత గుమ్మటం మీద గత శతాబ్దపు సిమెంటు పూత ఎంత బరువో ఆయన మనసులో లెక్క కడుతున్నట్టుంది. ఆ పూతను తీసి, పైకప్పు మీదా గుమ్మటం మీదా మళ్లీ సున్నమే వేశారని చెప్పాను. “చెక్కేటప్పుడు లోపలిది పోకుండా ఎట్ల తీసిండ్రు?” అన్నాడు. ఇదీ అసలు ప్రశ్న. సున్నం మెత్తన, సిమెంటు గట్టిది. గట్టిదాన్ని లాగితే మెత్తనిది దాంతోపాటే వచ్చేస్తుంది. అందుకే అక్కడ యంత్రాలతో కాకుండా చిన్న ఉలీ సుత్తీ పట్టి, ఓపిగ్గా చేత్తోనే తీయాల్సి వచ్చింది.

సిమెంటు చేసే హాని ఏమిటో చెట్టు కింద కూర్చుని ఇద్దరం మాట్లాడుకున్నాం. రాతిగోడలోకీ ఇటుకగోడలోకీ నీళ్లు చేరకుండా ఎవరూ ఆపలేరు. కింద నేలలోంచి ఎక్కుతాయి, పైన వానకు దిగుతాయి. సున్నం పూసిన గోడ ఆ చెమ్మను మళ్లీ గాలిలోకి వదిలేస్తుంది. పైన సిమెంటు ఉంటే చెమ్మ బయటికి రాలేదు. నడి వేసవిలో ప్లాస్టిక్ రైన్‌కోటు తొడుక్కుని నడిచేవాడి ఒళ్లులా గోడ లోలోపలే తడిసిపోతుంది. ఆ నీళ్లలో కరిగిన ఉప్పు బయటికి దారిలేక పూతకూ గోడకూ మధ్య గడ్డకడుతుంది, గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది, ఉబ్బి సున్నాన్ని పిండి చేస్తుంది. బయటినుంచి చూసేవాడికి సిమెంటు నున్నగా, క్షేమంగా కనిపిస్తూనే ఉంటుంది. “అంటే గుల్ల పలుకుడు మొదలయ్యేసరికే లోపల అయిపోయినట్టు” అన్నాడు మేస్త్రీ. అవును, అంతే.

సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి బయటికి పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్లలో వేస్తే సలసల మరిగి విరిగిపోయి మెత్తని ముద్దవుతుంది. ఆ ముద్దను తొట్టిలో నీళ్ల కింద రోజుల తరబడి, వారాల తరబడి ఊరబెడతారు. ఎంత ఊరితే అంత మేలు. ఆ తరువాత ఇసుకా ఇటుకపొడీ కలిపి, గుండ్రని కాలువలో రాతిచక్రం తిప్పుతూ నూరితే డంగు సున్నం. గోడకెక్కాక అది గాలిలోని అదే బొగ్గుపులుసును నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. రాయిగా బయల్దేరి, పిండిగా మారి, మళ్లీ రాయిగా గోడ మీద కూర్చోవడానికి దానికి నెలలూ ఏళ్లూ కావాలి. సిమెంటు ఒక్క రాత్రిలో బిగుసుకుంటుంది, అందుకే మనం దాన్ని ప్రేమించాం. 1824లో ఇంగ్లండులో పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు, హుజూర్‌నగర్, మఠంపల్లి ప్రాంతాల సున్నపురాయి మీద ఇవాళ మన రాష్ట్రంలోనే కొండలుగా తయారవుతోంది. అదే రాయి, దారి మాత్రం వేరు.

సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, మారేడు పండు గుజ్జు, మినప్పిండి, కోడిగుడ్డు తెల్లసొన, చెట్టు జిగురు కలిపేవారన్నది అందరూ కథలా చెప్పుకునే మాట. మేస్త్రీ దాన్ని కథలా వినలేదు. ఆయన తాత ఊళ్లో గడీ గోడలకు డంగు సున్నం వేసినవాడట. “బెల్లం ఏస్తే సున్నం తొందరగ ఎండదు, చేతికి సాగుతది. కరక్కాయ నీళ్లు పడితే గట్టిపడుతది. మా తాత చీమలు పట్టకుండ మూత పెట్టిచ్చేటోడు” అన్నాడు. ప్రయోగశాలలు చెప్పేది కూడా దీనికి దగ్గరే. బెల్లంలోని చక్కెర ముద్దను సాగేలా చేస్తుంది, బిగుసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. పండు గుజ్జులోని బంకా గుడ్డులోని మాంసకృత్తులూ పట్టును పెంచి, నీళ్లు చొరకుండా చూస్తాయి. పూతలో మలిచే పువ్వు రేకు అంచు పడిపోకుండా నిలబడాలంటే ఆ సాగుడు కావాలి, ఆ పట్టూ కావాలి.

అలంకారం దగ్గరగా చూడాలంటే హయాత్ బక్షీ బేగం సమాధి పక్కనున్న పెద్ద మసీదు దగ్గరికే వెళ్లాలి. మహమ్మద్ కులీ కూతురు ఆమె, ఒక సుల్తానుకు భార్య, ఇంకొక సుల్తానుకు తల్లి. 1667లో పోయింది. ఆ కాలానికే చెందిన ఈ మసీదులో కమానుల మూలల్లో గుండ్రని పతకాలు, వాటి చుట్టూ తీగలు, పిట్టగోడ మీద వరసగా ఆకుల అంచు, మినార్ల నడుముల దగ్గర పట్టీ మీద పట్టీ, వాటి గుండ్రని వసారాల కింద తామరరేకులు. అన్నీ సున్నమే. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వెళ్తే ప్రతి రేకుకూ నీడ అంచు కనిపిస్తుంది. మధ్యాహ్నం వెళ్తే అంతా ఒకే తెలుపు, ఏమీ కనబడదు. కాబట్టి ఎవరైనా వెళ్లేవాళ్లుంటే పొద్దున్నే వెళ్లమనే నా మనవి.

మేస్త్రీ ఒక పతకం కింద చాలాసేపు నిలబడ్డాడు. “ఇది అచ్చు కాదు” అన్నాడు చివరికి. ఇవాళ మన ఇళ్ల పిట్టగోడల మీద కనిపించే సిమెంటు పువ్వులన్నీ రబ్బరు అచ్చులో పోసి అతికించినవి, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. ఇక్కడ పక్కపక్కనున్న రెండు పతకాల్లో తీగ మలుపు ఒకేలా లేదు. గోడకు ముందు ముతక ఇసుకతో పూత వేస్తారు. కాగితం మీద గీసిన బొమ్మ గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, దాన్ని గోడకానించి బొగ్గుపొడి మూటతో తడితే నల్లని చుక్కల బొమ్మ దిగుతుంది. ఆ చుక్కల మీద పలుచని పొరలుగా సున్నం ఎక్కిస్తూ, ఒక పొర కాస్త బిగుసుకున్నాక ఇంకొకటి వేస్తూ, పచ్చిగా ఉండగానే సన్నని ఇనుప పనిముట్లతో కోస్తారు, గీరుతారు, అంచులు తీస్తారు. ఒకేసారి మందంగా వేస్తే బీటలిస్తుంది. ఎండ తగలకుండా తడి గోనెసంచులు కప్పాలి. ఆఖరున పాలరాతి పొడి కలిపిన మీగడ లాంటి పూత వేసి నునుపు చేస్తారు. ఎవరో ఒక పనివాడు ఆ రోజు పరంజా మీద నిలబడి, ఆ తీగను కుడికి తిప్పుదామా ఎడమకు తిప్పుదామా అని తన చేతికి తోచినట్టు తిప్పాడు. మూడున్నర శతాబ్దాల తరువాత మా మేస్త్రీ ఆ మలుపును పట్టుకున్నాడు.

అక్కడ కొన్ని రేకులు పాతవి, కొన్ని కొత్తవి. కొత్తవి కాస్త ఎక్కువ తెల్లగా ఉన్నాయి. పోయినదాన్ని మళ్లీ చేయవచ్చా అన్న తగువు ప్రపంచమంతటా ఉంది. 1964 నాటి వెనిస్ ఒడంబడిక ప్రకారం ఊహ మొదలైన చోట బాగుచేత ఆగిపోవాలి. ఐరోపా వాళ్లు విరిగిన విగ్రహాన్ని విరిగినట్టే ఉంచుతారు. మన దగ్గర వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ 2004లో రాసుకున్న ఒడంబడిక బతికున్న పనివాళ్ల చేతి పనికి చోటిస్తుంది. పనివాడు ఇంకా ఉన్నప్పుడు ఆ పని చేయనివ్వడమూ సంరక్షణే అంటుంది. నా మనసు ఈ రెండోదాని వైపే ఉంది, ఒక హద్దుతో. పిట్టగోడ మీద వంద ఆకులుండాల్సిన చోట అరవై మిగిలి ఉంటే, మిగతా నలభై ఎలా ఉండేవో ఆ అరవైయే చెబుతాయి. అక్కడ చేయాలి. చేయకపోతే ఆ ఖాళీల్లోకి నీళ్లు దిగి మిగిలినవీ పోతాయి. ఒక్క ముక్కా మిగలని చోట మాత్రం చదునుగా వదిలేయాలి. కొన్ని సమాధుల గోడల మీద ఒకప్పటి నీలం, పసుపు, ఆకుపచ్చ రంగు పలకల ముక్కలు ఇంకా అంటిపెట్టుకుని ఉన్నాయి. వాటిని ఉన్నంతవరకు కాపాడుకుంటే చాలనిపిస్తుంది నాకు.

ఇంకోరోజు మెట్రోలో బయల్దేరాం. కూకట్‌పల్లిలో ఎక్కితే ఎర్ర లైను మారకుండా ఎంజీబీఎస్‌లో దింపుతుంది. దారిలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర, 1803లో మొదలుపెట్టి బ్రిటిష్ రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఉంది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. దాన్ని కూడా సున్నంతోనే బాగుచేశారు. మేం దిగలేదు, చార్మినార్‌కే వెళ్లాం.

1591 నాటి చార్మినార్ రాయీ సున్నమూ కలిపి కట్టిన కట్టడం. మనం గుర్తుపట్టే దాని అందమంతా పై పొరలోని గచ్చులోనే ఉంది. 2019 మే 1 రాత్రి ఒక మినార్ మీది గచ్చు అలంకారం పెద్ద ముక్క ఊడి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు జనం గుమిగూడి పైకి చూస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. వానకు నాని బరువెక్కడం, చుట్టూ తిరిగే బండ్ల అదురు, ఇలా కారణాలు చాలా వినిపించాయి. భారత పురావస్తు సర్వేక్షణ వాళ్లు పరంజా కట్టి ఆ భాగాన్ని మళ్లీ సున్నంతోనే చేశారు. ఇవాళ కిందనుంచి చూస్తే ఎక్కడ ఊడిందో నాకు కనబడలేదు. మేస్త్రీ మాత్రం వేలు చూపించి “అగో, ఆ రేకులు జర కొత్తగున్నయ్” అన్నాడు. అది నిజమో కాదో పైకెక్కి చూసేవాళ్లే చెప్పాలి. ఆయన చూపు మీద నాకు నమ్మకం ఉంది.

చార్మినార్ దగ్గర్నుంచి ఆటోలో సంతోష్‌నగర్ వైపు, పిసల్‌బండలో పైగా సమాధులు. హైదరాబాదులో గచ్చు పని పరాకాష్ఠ చూడాలంటే నేను ఇక్కడికే రమ్మంటాను. నిజాములకు దీటైన సిరిగల పైగా వంశం వాళ్లను పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి ఇక్కడ పెడుతూ వచ్చారు. చాలా సమాధులకు పైకప్పు లేదు. చుట్టూ సున్నంతో మలిచిన జాలీ గోడలు, ఆకాశం కింద పాలరాతి పేటికలు. నక్షత్రాలు, షట్కోణాలు, పూలబుట్టలు. ఒక జాలీ నమూనా ఇంకో జాలీలో లేదు. సందు గుండా ఎండ పడి, నేల మీద ఆ నమూనాలన్నీ మళ్లీ నీడలుగా పరుచుకుంటాయి. పైకప్పు లేకపోవడమే వీటికి ముప్పు కూడా. ప్రతి వానా నేరుగా అలంకారం మీదే పడుతుంది. ఆరు సమాధుల బాగుచేతకు 2023 జనవరిలో అమెరికా రాయబారుల నిధి నుంచి రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించారు. ఆ పనిని ఆగాఖాన్ ట్రస్టు చేపట్టింది.

మేం వెళ్లినప్పుడు ఒక మూల పరంజా మీద పనివాళ్లున్నారు. మేస్త్రీ హైదరాబాదీ ఉర్దూలో పలకరించి, కింద నిలబడే కబుర్లు మొదలుపెట్టాడు. ఒక పెద్దాయన దిగి వచ్చి తన చేతిలోని పనిముట్టు చూపించాడు. రంపపు బ్లేడు ముక్కను రాయి మీద అరగదీసి, ఒక చివర ఆకులా, ఇంకో చివర సూదిలా చేసుకున్నది. కొనుక్కుంటే దొరకదట, ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు చేసుకోవలసిందే. ఆయన చిన్న పళ్లెంలోని సున్నాన్ని బొటనవేలితో చిదిమి, మేస్త్రీ అరచేతిలో పెట్టాడు. మేస్త్రీ దాన్ని రెండు వేళ్ల మధ్య సాగదీసి, వాసన చూసి, మళ్లీ సాగదీశాడు. అంతసేపూ వెనక్కి కట్టుకున్న చేతులకు మొదటిసారి పని దొరికింది. “ఎన్ని దినాలు ఊరింది?” అని అడిగాడు. పెద్దాయన చెప్పిన జవాబు గాలికి నాకు వినబడలేదు. మేస్త్రీ మాత్రం తల ఊపాడు.

తిరుగు దారిలో నేను అడిగాను, సున్నం పని నేర్చుకునేవాళ్లు ఎందుకు లేరని. “నేర్పిచ్చేటోడు లేడు సార్. ఒకరోజు ఊరబెట్టి తెల్లారి పూసే పనికి కూలిస్తరు, నెల ఊరబెట్టే పనికి ఎవడిస్తడు?” అన్నాడు. గచ్చు పని పాతకాలపు ముచ్చట కాదని చూసొచ్చాక నాకు గట్టిగా తోస్తోంది. ఈ నగరంలోనూ జిల్లాల్లోనూ ఉన్న గడీలకు, గుళ్లకు, మసీదులకు, దర్గాలకు, పాత బడులకు ఇప్పుడే ఆ పనివాళ్లు కావాలి. లేకపోతే ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు మంచి మనసుతోనే మళ్లీ సిమెంటు పూస్తారు, ఇంకో యాభై ఏళ్లకు దాన్ని చెక్కడానికి ఇంకొకరు రావాలి. మా కూకట్‌పల్లికి కూతవేటు దూరంలో, మాదాపూర్‌లో, 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. తాపీ పని, వడ్రంగం, కరెంటు పని నేర్పడం దాని బాధ్యత. అక్కడ ఒక డంగు సున్నం చక్రం తిరగాలి, ఊరబెట్టే తొట్లు ఉండాలి, పైగా సమాధుల దగ్గర చూసిన ఆ పెద్దాయన లాంటి వాళ్లు వారానికోసారి వచ్చి కుర్రవాళ్ల చేత రేకు కోయించాలి. ప్రభుత్వం తలచుకుంటే ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఒక ఫ్లైఓవరు స్తంభానికయ్యే సిమెంటు ఖర్చుతో ఏళ్ల తరబడి నడిచే చిన్న బడి అది.

మెట్రోలో సీటు దొరికాక మేస్త్రీ ఫోను తీసి ఒక నంబరు చూపించాడు. పరంజా మీది పెద్దాయనది. అక్కడ సున్నం నూరే పనికి మనుషులు తగ్గితే పిలవమని చెప్పాడట. వానాకాలం మన దగ్గర గిలాబు పని ఎటూ మందకొడి, ఆ రెండు నెలలూ పిసల్‌బండకు పోయి వస్తానన్నాడు. కూలి తక్కువైతే? “మా తాత పని సార్. కూలి తక్కువైనా చేస్త” అని, కూకట్‌పల్లి రాగానే దిగి, అడ్డా వైపు నడిచాడు. మర్నాటి పనికి ఇద్దరు మనుషుల్ని మాట్లాడుకోవాలి.